ఆరు ఊళ్ల ఇల్లు

ఉప్పు డబ్బా మీద చీటీ అంటించినందుకు ఆ రోజు మా ఇంట్లో పొద్దున్నే గొడవ మొదలైంది.

మా దోర్కా జర్మన్ భాష నేర్చుకుంటూ, ఇంట్లో కనబడ్డ ప్రతిదాని మీదా దాని పేరు రాసి అంటిస్తోంది. తలుపు, కిటికీ, ఫ్రిజ్, ఆఖరికి వాళ్ల నాన్న షేవింగు మగ్గు. అంతవరకూ నేనేమీ అనలేదు. కాని వంటింట్లో నా డబ్బాలు ఒక వరసలో ఉంటాయి. వాటికి చీటీలు అక్కర్లేదు. పీకితే జిగురు మరక మిగిలింది.

"వంటింట్లో వద్దన్నాను కదే."

"ఒక్క డబ్బాయే కదమ్మా. రోజూ సూస్తే గుర్తుంటాదని."

"ఉప్పు కూడా గుర్తుండనిదానివి, అక్కడికెళ్లి ముసలాళ్లకి మందులేటి ఇస్తావు?"

రైల్వే గేటు దగ్గర నైట్ డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతున్న మా ఆయన తిమోతి గ్లాసు దించాడు. "కిరసనాయిలు రాస్తే పోతాది. దీనికి తల్లీకూతుళ్లు పార్లమెంటు పెట్టినారేటి?"

"మీ మగ్గు మీద అంటించినప్పుడు నవ్వినారు. అందుకే ఇది నా డబ్బాల దాకా వచ్చింది."

"మగ్గుకి నీలాగ కోపం రాదు మరి."

దోర్కా నవ్వింది. నేను నవ్వలేదు. గొడవ చీటీ గురించి కాదని ముగ్గురికీ తెలుసు. జర్మనీ వెళ్లేదీ లేనిదీ నెలాఖరులోగా దోర్కా చెప్పెయ్యాలి. ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో తనది మంచి ఉద్యోగమే. కాని అక్కడ మా ఆడపడుచు సరోజమ్మ కూతురు ఏంజెలా పనిచేస్తున్న వృద్ధాశ్రమంలోనే ఇంకో నర్సు కావాలట. ఏంజెలా వెళ్లి ఏడాది దాటింది. "దోర్కాని పంపండి అత్తా, ఇద్దరం ఉంటాం" అని ఫోను చేసినప్పుడల్లా అంటుంది. ఈ మధ్య ఆ మాట ముందు అని, తర్వాతే క్షేమం అడుగుతోంది.

ఏంజెలా ఉన్నచోటు పేరు ఎష్‌టాల్. కాలేజీలో నేను జాగ్రఫీ చదివాను. ఏ చోటి పేరు విన్నా మ్యాపులో చూస్తే గాని నాకు తోచదు. ఎంత వెతికినా ఆ పేరుతో ఊరు దొరకలేదు. చివరికి తెలిసిందేమిటంటే అది ఊరు కాదు. ఆరు పల్లెలు కలిసి నడుపుకున్న ఒక సంఘం పేరు. ఏ పల్లె పెద్ద ఆ పల్లెకు ఉండేవాడు కాని, పన్ను కట్టాలన్నా, పుట్టిన బిడ్డను రాయించాలన్నా ఆరింటికీ కలిపి ఒకటే ఆఫీసు. పోనుపోను జనం తగ్గారు. కొట్టు మూశారు, బడి మూశారు. పాస్టరు ఆరు పల్లెలకీ ఒక్కరే అయ్యారు. ఆ తర్వాత ప్రభుత్వం సంఘాన్నే రద్దు చేసి, పల్లెల్ని దూరంగా ఉన్న పట్నంలో కలిపేసింది. ఖాళీ అయిన ఆఫీసు భవనాన్ని వృద్ధాశ్రమంగా మార్చారు. ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు ఒక్కొక్కరే అందులోకి వచ్చి చేరారు. పుట్టినప్పుడు వాళ్ల పేర్లు రాసిన గదుల్లోనే ఇప్పుడు వాళ్ల మంచాలున్నాయి.

మా ఆయన ఇవేవీ అడగలేదు. మాది రైల్వే ఊరు. ఖరగ్‌పూర్లో ఎవరైనా అడిగేదే అడిగాడు. "ఏ స్టేషను?"

"ఊళ్లోనే ఉంది మావయ్యా, ఆశ్రమం ఎనకాలే" అంది ఏంజెలా.

అంతే, ఆయన మనసు కుదుటపడింది. పిల్లనిచ్చేటప్పుడైనా, బదిలీ మీద వెళ్లేటప్పుడైనా మావాళ్లు చూసేది అదొక్కటే. స్టేషనుంటే బండి ఉంటుంది, బండి ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి రావచ్చు.

ఏంజెలా సాయంత్రం పూట ఫోను చేసేది. మొదట్లో వీడియోలో మంచు చూపించేది, రొట్టెలు చూపించేది. ఆశ్రమం గుమ్మం పక్కన గోడకు ఆరు చెక్క పలకలుండేవి, ఒక్కోదాని మీద ఒక్కో పల్లె పేరు చెక్కి. అవీ చూపించింది. సంఘం ఆఫీసులో ఒకప్పుడు గుమాస్తాగా చేసిన ఫోగెల్ అనే ముసలాయన కూడా అక్కడే ఉంటున్నాడు. ఆ పలకల్ని రోజూ గుడ్డతో తుడిచేది ఆయనే.

ఒక రోజు ఏంజెలా, "ఈ వారం క్లైన్‌రోడా అయిపోనాది అత్తా" అంది.

"ఊరు అయిపోవడమేటే?"

"ఆ ఊరి మనుషుల్లో ఆకరి మామ్మ మంగళారం పోయింది. ఫోగెల్ తాత స్క్రూలు ఇప్పి ఆ పలక తీసేసినాడు."

"సమాధికి ఎవరొచ్చారు?"

"పెట్టె మొయ్యడానికి సమాధుల కంపెనీవోళ్లు నలుగురు. మరి తాతా, నానూ. పాట ఎవులూ పాడలేదు. నానే మన తెలుగు పాట ఒకటి పాడినాను."

మా చర్చిలో ఎవరైనా పోతే పెట్టెకు భుజం పట్టడానికి మగవాళ్లు వంతుల కోసం పోట్లాడుకుంటారు. షిఫ్టు మార్చుకుని మరీ వస్తారు. చలికి జాగ్రత్త అని చెప్పి ఫోను పెట్టేశాను.

తర్వాత ఇంకో పలక పోయింది. ఆ పైన ఇంకోటి. ఏంజెలా ఇప్పుడు ఎక్కువ మాట్లాడేది కాదు. "అత్తా, ఫోను కిటికీలో పెట్టి నీ పని సూసుకో" అనేది. నేను సుభాష్‌పల్లి రోడ్డు వైపు కిటికీలో ఫోను నిలబెట్టి వంట చేసుకునేదాన్ని. టోటో రిక్షాల హారన్లు, చేపలమ్మే దాదా కేకలు, పక్కింటి టీవీ, అన్నీ ఏంజెలా వింటూ కూర్చునేది. ఒకసారి పోపు వేసి వచ్చి చూస్తే ఫోనులో కళ్లు మూసుకుని ఉంది. తన వెనకాల అన్ని గదులున్న ఆ ఇంట్లోంచి చిన్న అలికిడైనా లేదు.

వాళ్లమ్మ సరోజమ్మ మాత్రం రోజూ వచ్చి దోర్కాని తొందరపెడుతూనే ఉంది. "ఎల్లవే గుంటా, ఒదినె ఉన్నాది కదా, బయమేటి? ఇక్కడేటున్నాది, దోమలు తప్ప?"

"దోమలకి నానంటే ఇష్టం అత్తా. ఒగ్గేసి ఎలగెల్తాను?" అనేది దోర్కా.

ఆ వారంలోనే మా ఆయనకు స్టేషను చూడాలని బుద్ధి పుట్టింది. "ఏంజీ, ఒకసారి స్టేషను సూపించమ్మా. ఆలది ఏ రకం సిగ్నలో సూస్తాను" అన్నాడు. గేట్‌మేన్ ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు గడిపిన మనిషికి అదొక సరదా.

ఏంజెలా కోటు వేసుకుని ఫోను పట్టుకుని నడిచింది. దారిలో ఒక్క మనిషీ ఎదురుపడలేదు. స్టేషను బాగానే ఉంది. ఎర్ర ఇటుక గోడ, నీలం బోర్డు, బెంచీ. "ఇదిగో మావయ్యా, ప్లాట్‌ఫారం" అంటూ ఫోను కిందికి వంచింది.

పట్టాల పైభాగం గోధుమరంగులో ఉంది.

ఈ ఊళ్లో పుట్టి పెరిగిన చంటిపిల్లకైనా తెలుసు, బండి తిరిగే పట్టా నెత్తి అద్దంలా మెరుస్తుంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏంజీ, ఇక్కడికి ఆకరి బండి ఎప్పుడొచ్చినాదమ్మా?"

ఏంజెలా ఫోను మళ్లీ స్టేషను బోర్డు వైపు తిప్పింది. "తెల్దు మావయ్యా. నానొచ్చినకాడ్నించీ రాలేదు."

"మరి స్టేషనుందన్నావు?"

"ఉన్నాది కదా మావయ్యా. సూస్తన్నావు కదా."

తిరిగి వెళ్తున్నప్పుడు కెమెరా ఆపడం మరిచిపోయింది. పట్టాల కింది స్లీపర్ల మధ్య మొలిచిన చెట్లు కనబడ్డాయి. కొన్ని తన కంటే ఎత్తున్నాయి.

మర్నాడు నేను సరోజమ్మ ఇంటికి వెళ్లాను. రెండు సందుల అవతలే. ఆమె బియ్యం ఏరుతోంది.

"వదినా, బండి రాదని నీకు ముందే తెలుసా?"

ఆమె చేట పక్కన పెట్టలేదు. "తెలుసు."

"తెలిసే దోర్కాని వెళ్లమంటున్నావా?"

"నా పిల్ల ఒక్కతీ అయిపోనాది రూతూ. ఎల్లినప్పుడు ఐదుగురు నర్సులుండీవోరు. ఒకలెనక ఒకలు పట్నం పోయినారు. ఇప్పుడు పగలు ఇది, రాత్రికి ఇంకొకామె. ఒచ్చెయ్యవే అంటే, నా చోట్లోకి ఎవులన్నా ఒస్తే గాని కదల్నంతంది."

"దోర్కాకి పంపిన ఉద్యోగం కాగితాల్లో అలాగేం లేదు. నోటీసు ఇచ్చి రావచ్చు. నేను చూశాను."

"కాగితాలెవులిక్కావాలి? నీ మొగుడు నేర్పినాడు కదా."

రైల్వేలో ఒక కట్టుబాటు ఉంది. రిలీవర్, అంటే తర్వాతి డ్యూటీ మనిషి, వచ్చి చేతిలోంచి డ్యూటీ తీసుకునేదాకా మనిషి తన చోటు వదలకూడదు. తుపాను వచ్చిన ఏడాది రిలీవరు రాక, మా ఆయన మోకాటిలోతు నీళ్లలో గేటు దగ్గరే ఉండిపోయాడు. ఆఫీసు వాళ్లు శాలువా కప్పారు. ఏంజెలా చిన్నప్పుడే తండ్రి పోవడంతో అది మా ఇంట్లోనే పెరిగింది. ఏంజెలా, దోర్కా అన్నానికి మారాం చేసినప్పుడల్లా ఆ కథే చెప్పి ముద్దలు పెట్టేవాడాయన. "ఒగ్గేసి వొచ్చేవోడు మనిషి కాడు" అని ముగించేవాడు. పిల్లలిద్దరూ ఆ మాట ఆయన కంటే ముందే అనేసేవారు.

"మరి నా పిల్లని ఎవరు విడిపిస్తారు వదినా?"

సరోజమ్మ చేటలో మట్టిగడ్డ ఏరి పక్కన పడేసింది. "దేవుడున్నాడు" అంది. నా మొహం మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చి దోర్కాకి అంతా చెప్పాను. పట్టాల సంగతి, వెళ్లిపోయిన నర్సుల సంగతి, సరోజమ్మ మాటలు. అది మంచం మీద బాసింపట్టు వేసుకుని విన్నది. భయపడుతుందనుకున్నాను, కోపమైనా తెచ్చుకుంటుందనుకున్నాను.

"ముసలోల్లు ఇంకా ఎంతమందున్నారంట?" అని అడిగింది.

"నీకెందుకది?"

"ఊరికినే."

శుక్రవారం ఏంజెలా వీడియో చేసింది. ముఖం చిక్కిపోయింది కాని ఏనాడూ లేనంత హుషారుగా ఉంది. "అత్తా, ఇది సూడు, ఇది సూడు" అంటూ గుమ్మం దగ్గరికి నడిచింది. గోడ మీద మూడే పలకలు మిగిలాయి. తీసేసిన చోట గోడ తెల్లగా, పలక ఆకారంలో ఉంది. అలాంటి ఒక తెల్ల మచ్చ మీద కొత్త పలక బిగించి ఉంది. చెక్క ఇంకా పచ్చిగా కనబడుతోంది. అక్షరాలు మిగతావాటిలాగే శ్రద్ధగా చెక్కాడు ఆ ముసలాయన. ఖరగ్‌పూర్ అని.

"తాత మన ఊరిని కూడా కలిపేసుకున్నాడత్తా" అని నవ్వింది ఏంజెలా. ఆమె పక్కనే ఫోగెల్, చేతిలో స్క్రూడ్రైవరుతో, కెమెరాలోకి చూస్తూ మర్యాదగా తల వంచాడు. కింద ఇంకో తెల్ల మచ్చ ఖాళీగానే ఉంది. ఆయన దాన్ని వేలితో చూపించి ఏదో అడిగాడు.

"ఏటంతన్నాడు?" అన్నాను.

జవాబు దోర్కా చెప్పింది, నా భుజం వెనకనించి. ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. "నా పేరేటని అడుగుతన్నాడమ్మా."

నేను చెప్పవద్దని చెయ్యి పట్టుకునేలోపే అది ఫోనులోకి వంగి, నేర్చుకున్న భాషలో చక్కగా తన పేరు చెప్పింది. ముసలాయన ఆ పేరు మెల్లగా రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక సరోజమ్మను భోజనానికి పిలిచాను. అందరి ముందూ మాట తేల్చేయాలనుకున్నాను. కోడికూర, పప్పుచారు చేశాను. మా ఆయన ప్రార్థన చేస్తూ ఏంజెలా కోసం అడిగాడు, ప్రయాణాల మాట ఎత్తలేదు. ఆ వారమంతా ఆయన నాతోనూ సరిగా మాట్లాడలేదు. ఆ ముందురోజు రాత్రి మాత్రం, "నాను వొద్దంటే అది ఇనదు రూతూ. ఏ నోటితో వొద్దననూ?" అన్నాడు.

వడ్డించి కూర్చున్నాను. "దోర్కా, అత్త ముందే చెప్తున్నాను" అని మొదలుపెట్టాను.

"ఉండమ్మా, నాను సెప్తాను." అది అన్నం కలుపుతూనే, తల ఎత్తకుండానే అంది. "నర్సింగ్ హోమ్‌లో నిన్ననే రాజీనామా ఇచ్చేసినాను. వచ్చే నెలలో ఎల్తన్నాను."

నేను పప్పుచారు గిన్నె పక్కకు జరిపాను.

"ఒదినెతో కలిసి ఉంటావు కదూ?" అన్నాను. "ఇద్దరూ ఉంటే కొంత నయం."

"లేదమ్మా. నాను డ్యూటీలో సేరిన మర్నాడే ఒదినె బయల్దేరిపోతాది. అడిగినాను. ఒక్కరోజు కూడా ఉండలేనంది."

సరోజమ్మ కంచంలో చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్లూ వెళ్లమని పోరు పెట్టిన మనిషి, దోర్కా మణికట్టు పట్టుకుంది. "వొద్దే తల్లీ. ఎల్లకే. దాన్నే ఒచ్చెయ్యమని సెప్తాను, తిడతాను, ఏడుస్తాను."

"అది రాదత్తా, నీకు తెలుసు." దోర్కా ఎడమచేత్తో ఆమె వేళ్లు ఒక్కొక్కటే నెమ్మదిగా విడిపించుకుంది. "ఆలకి ఊఁ అని చెప్పేసినాను. నాన్నా, టికెట్టు నువ్వే తియ్యాలి."

మా ఆయన కంచంలోకి చూస్తూ సరేనన్నాడు.