టేపులో వినబడ్డ పేరు

టైపు చప్పుడు విని కాశమ్మ కళావతి గుమ్మంలోకి వచ్చింది. మొఘల్‌పురాలో ఆమెకు తెలిసినవాళ్లెవరూ లేరు. చేతిలో కాయితం.

"జర చదువు బిడ్డా. గోదాము కాలి నా కొడుకు సచ్చిండు. తొమ్మిదిమందిని లోపలేసి బయట తాళం పెట్టిచ్చింది రామలింగం సేటే. సర్కారు విచారణల ఆరుసార్లు ఆని పేరు చెప్పిన. ఈ కాయితంల ఆ పేరే లేదంటుండు వకీలు."

కళావతి కాయితం అందుకుంది. వరస తప్పి పైకెగిరిన 'ర' అక్షరం. తన మిషనే! పేరు ఉండాల్సిన ప్రతిచోటా 'వినబడలేదు'.

కాంట్రాక్టరు సీతారాం విచారణ క్యాసెట్లను అయిదిళ్లకు పంచుతాడు. విని టైపు కొట్టాలి. "సేటు పేరొస్తే వినబడలేదని కొట్టు, పైనుంచి హుకుం" అన్నాడు. కొట్టేసింది. పైగా కొట్టివేతల్లేని పేజీలని మురిసిపోయింది కూడా. టేపులో ఏడుస్తున్నదెవరో ఒక్కసారైనా ఆలోచించిందా? థూ! తన వేళ్లను చూస్తేనే ఆమెకు కంపరమెత్తింది.

కాశమ్మను వెంటబెట్టుకుని, తనలాగే క్యాసెట్లు విని టైపు కొట్టే మాణిక్యమ్మ ఇంటికి పోయింది. టైపు కొట్టే మిగతా ముగ్గురినీ అక్కడికే పిలిచింది.

"మేం గూడ గట్లనే కొట్టినం. ఏం జేస్తం?" అంది మాణిక్యమ్మ. "పని బోతే నా పిల్లలకు గింత బువ్వ నువ్వు పెడ్తవా?"

"పెట్టలేనక్కా. గని ఈమె మొఖం జూసి గదే మాట చెప్పు."

మాణిక్యమ్మ కాశమ్మ వైపు చూసింది. కాశమ్మ సాక్ష్యంలో తన వంతుకొచ్చిన క్యాసెట్ తీసి టేపురికార్డరులో పెట్టింది. కాశమ్మ గొంతు ఇల్లంతా నిండింది. సేటు పేరు గంట కొట్టినట్టు వినబడింది. వినలేక కాశమ్మ చెవులు మూసుకుంది.

ఆ రాత్రి అయిదు మిషన్లూ ఆగలేదు.

పొద్దున సీతారాం గల్లీలోనే అడ్డం తగిలాడు, నోటినిండా పాన్‌తో. "ఇంట్ల కూసొని సంపాయించేటోళ్లు, మీకెందుకమ్మా లొల్లి? క్యాసెట్లు ఇటియ్యుండ్రి."

"పక్కకు జరుగు," అంది మాణిక్యమ్మ.

విచారణ హాలు కిక్కిరిసి ఉంది. గోదాము హమాలీలు, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు. రికార్డులో యజమాని పేరు లేదని అధికారి చదువుతుండగా కళావతి లేచింది.

"ఉన్నదయ్యా. మాకు మంచిగనే వినబడ్డది. సీతారాం చెప్తే అబద్ధం కొట్టినం. తప్పు జేసినం. ఇగో, రాత్రి మల్ల కొట్టిన అసలుది."

"తప్పుడు రికార్డు సృష్టించామని మీరే ఒప్పుకుంటున్నారు. లోపల వేయిస్తాను!" అన్నాడు అధికారి.

"మమ్ముల లోపలెయ్యి. మరి సేటునెప్పుడేస్తవ్?" అని అరిచింది మాణిక్యమ్మ.

పోలీసులు ఆ అయిదుగురినీ రెక్కలు పట్టుకుని జీపులోకి తోశారు. అప్పుడు కాశమ్మ నడిచొచ్చి చక్రాల ముందు కూర్చుంది. ఆమె పక్కన ఒక హమాలీ, అతని పక్కన ఇంకొకడు. కాసేపటికి గేటు దాకా మనుషులే. లాఠీ ఎత్తిన జవాను వాళ్లను చూసి ఆగిపోయాడు.

"తొక్కిచ్చుకుంట పోనియ్యి," అంది కాశమ్మ.

జీపు కదల్లేదు.