పద్నాలుగో అంశానికి గట్టిమేళం

కౌన్సిల్ సమావేశానికి ముందు మంగళవాద్యం పెట్టించింది కౌన్సిలర్ సుల్తానా. మదనపల్లె మున్సిపల్ ఆఫీసు మేడమీది హాలులో గోడవారగా జంఖానా పరిచారు. సన్నాయి కృష్ణప్పది, డోలు నాది. పది నిమిషాలు వాయించాం. ఏం వాయించామని ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆ ఒక్కరోజు సంగతి కాదది. కొన్నేళ్ళుగా నేను వాయించేది నాకు వినిపించడం లేదు. చెవులు బాగానే ఉన్నాయి. బస్సు హారన్ వినిపిస్తుంది, పాలవాడి కేక వినిపిస్తుంది. డోలు మాత్రం చేతుల దాకా వచ్చి ఆగిపోతుంది.

అయిపోయాక లేవబోతే సుల్తానా ఆపింది.

"కూసోండప్పా. పద్నాలుగో అంశం మీ గురించే గదా. మిమ్మల్ని సూసన్నా వీళ్ళకు కొంచెం సిగ్గొస్తాదేమో."

పద్నాలుగో అంశం కళావిద్య సెస్సు. ఆస్తి పన్ను మీద నూటికి రెండు రూపాయలు, ఫంక్షన్ హాళ్ళకైతే ఐదు. ఆ డబ్బుతో మున్సిపల్ బడుల్లో పాట, బొమ్మలు, నాటకం నేర్పడానికి పన్నెండు మంది టీచర్లను పెడతారు. నా కూతురు సుప్రియ ఏడాదిగా ఈ ఊళ్ళోనే రెండు బడుల్లో పాట నేర్పుతోంది. జీతమిచ్చే దాతల సంఘం ఈ నెలతో ఆపేస్తామని చెప్పింది. సెస్సు వస్తే ఆమె ఉద్యోగం ఉంటుంది. రాకపోతే ఆమె కుప్పం పోవాలి.

కుప్పంలో ఆమె భర్త లోహిత్ ఉన్నాడు. రెండేళ్ళ కిందట అతన్ని వదిలి పుంగనూరుకు, నా దగ్గరికి వచ్చేసింది. అతను కొట్టలేదు, తాగడు. "ఆ ఇంట్లో నేనుండేది ఎవురికీ తెలీదు నాయినా" అని మాత్రం చెప్పింది. అటువాళ్ళు వచ్చి కూర్చున్నప్పుడు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళు అడగొద్దు, లేని రోజు వస్తానని తనే మాటిచ్చింది. అప్పుడే ఉద్యోగంలో చేరిన ధైర్యం అది.

పన్నెండు అంశాలు అరగంటలో అయిపోయాయి. పదమూడోది మురుగుకాలువ. పద్నాలుగు చదవగానే టమోటా మండీ నడిపే కౌన్సిలర్ ఒకాయన లేచాడు.

"నాలుగు దినాలకొకసారి నీళ్ళొస్తాండాయి. ఆడోళ్ళు బిందెలతో నా ఇంటి ముందర నిలబడతాండారు. పోయి సరిగమలు నేర్సుకోండమ్మా అని సెప్పమంటారా?"

"ఇప్పుడేం సెప్తాండావు వాళ్ళకు?" అంది సుల్తానా. "రేపొస్తాయి, ఎల్లుండొస్తాయి అని నువ్వూ రోజూ ఒకటే రాగం తీస్తాండావు గదప్పా. టీచరుంటే ఇంకో రాగం నేర్సుకుంటావు."

నవ్వారు. చైర్‌పర్సన్ కూడా నవ్వింది. తర్వాత సురేంద్ర లేచాడు. ఆయన కౌన్సిలర్ కాదు, ఫంక్షన్ హాళ్ళ యజమానుల తరపున అభ్యంతరం చెప్పడానికి వచ్చాడు. ఆయనకు రెండు హాళ్ళున్నాయి. నేను వాయించే పెళ్ళిళ్ళలో సగం వాటిలోనే జరుగుతాయి.

"ఐదు రూపాయలేస్తే పెండ్లోళ్ళు కర్ణాటకలోకి, ములబాగిలు దావ పడతారు. హాళ్ళు మూసుకుంటే మేళగాళ్ళకు పనేది? అదో, గోవిందరాజులు ఈడే ఉండాడు. ఈయనకు ఏ సెస్సు నేర్పింది డోలు?"

అందరూ నా వైపు తిరిగారు. నా ముఖం నవ్వింది. నవ్విన తర్వాతే నాకు తెలిసింది. నన్ను పొగిడాడో వాడుకున్నాడో తేల్చుకోవడానికి ఒక క్షణం చాలు. ఆ క్షణం కూడా నేను తీసుకోలేదు.

"పాట టీచరుకు రెండు నిమిషాలు" అంది చైర్‌పర్సన్.

సుప్రియ వెనక వరుసలో లేచి నిలబడింది. మైకు వైరు అంతదూరం రాలేదు. చేతిలో కాగితం లేదు. "నా కాడికి పద్దెనిమిది మంది పిల్లోళ్ళు వస్తారు" అని మొదలుపెట్టింది. హాలు కాస్త సద్దుమణిగింది. అప్పుడు సురేంద్ర కుర్చీలో వెనక్కి వాలి, నా వంక చూసి నవ్వుతూ, చూపుడువేలు పైకెత్తి ఆడించాడు.

తాళి కట్టేవేళ గట్టిమేళం వాయిస్తాం. ఆ నాలుగు క్షణాల్లో ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, కానిమాట అన్నా పెళ్ళివాళ్ళ చెవిన పడకూడదు. పురోహితుడి గొంతు జనంలో మాకు వినపడదు కనుక, సురేంద్ర తన హాళ్ళలో మంటపం పక్కన నిలబడి వేలెత్తి చూపిస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఆ వేలు చూస్తున్నాను.

వేలు లేచింది. నా చేతులు డోలు మీద పడ్డాయి. పక్కన కృష్ణప్ప కూడా సన్నాయి ఎత్తుకున్నాడు. సుప్రియ పెదవులు కదులుతున్నాయి. ఆమె ఆపలేదు. నేనూ ఆపలేదు. మధ్యలో ఆపడం నాకు అలవాటు లేదు. కౌన్సిలర్లు కొందరు పగలబడి నవ్వారు, కొందరు బల్లలు చరిచారు. సుల్తానా ఏదో అరుస్తూ చెయ్యి అడ్డంగా ఊపుతోంది. సురేంద్ర వేలు దించాక ఆగాం. అప్పటికి సుప్రియ కూర్చుని ఉంది.

"ఆశీర్వాదం అయిపోయింది" అన్నాడు టమోటా మండీ ఆయన.

చైర్‌పర్సన్ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎవరైనా చెప్పేది మిగిలి ఉంటే శనివారం సాయంత్రంలోగా రాసి ఇవ్వాలని, ఓటింగు బుధవారమని ప్రకటించి పదిహేనో అంశానికి పోయింది.

నేను డోలు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. తప్పు చేశానన్న బాధ రావాలి. దాని కోసం ఎదురుచూశాను. వేళ్ళ తొడుగులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాను. రాలేదు.

పుంగనూరు బస్సులో సుప్రియ కిటికీ పక్కన కూర్చుంది. డోలు మా కాళ్ళ దగ్గర ఉంది. ఊరు దాటాక అడిగింది.

"సురేంద్రన్న వేలెత్తితే నువ్వు వాయించాల్నా నాయినా?"

"చెయ్యి దానంతట అదే లేసింది పాపా."

"పెండ్లినాడూ అట్లే లేసింది."

ఆమె పెళ్ళి సురేంద్ర హాల్లోనే జరిగింది. పెళ్ళికూతురి తండ్రివి, నువ్వు వాయించేదేమిటని కృష్ణప్ప అన్నా వినలేదు. నా కూతురి తాళికి వేరే చేతులు మేళం వాయించడం నాకిష్టం లేకపోయింది. కన్యాదానం అవగానే పట్టుపంచెతోనే వచ్చి డోలు తగిలించుకున్నాను.

"నేను వద్దని అన్నా" అంది సుప్రియ. "తాళి కట్టేటప్పుడు. గట్టిగానే అన్నా. అంతవరకూ అనాలని అనుకోలేదు, అప్పుడే వచ్చేసింది నోట్లోంచి. లోహిత్‌కు వినపడలేదు. ఆయన తప్పేం లేదు. నాకే వినపడలేదు. అందుకే అన్నానో లేదో అని సానా దినాలు అనుమానం."

"ముందే సెప్పుంటే..."

"ముందు నాకే తెలీదు నాయినా."

కండక్టర్ వచ్చి డోలుకు టికెట్టు తీసుకోవాలన్నాడు. ఆమె తీసుకుంది. నేను ఆ టికెట్టు మీది అక్షరాలు చదివాను. ఆమె చెప్పిన మాట నా లోపలికి పోయి ఎక్కడో ఒకచోట తగలాలి. చిన్నప్పుడు బావిలో రాయి వేసి చప్పుడు కోసం వంగి నిలబడేవాళ్ళం. అలా ఉన్నాను. పుంగనూరు వచ్చింది, దిగాం.

శుక్రవారం కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. సుప్రియ అత్త నారాయణమ్మ. "మీటింగు సంగతి తెలిసిందన్నా. బుధవారం ఓటింగు కానిచ్చి, ఆ పై ఆదివారం వస్తాండాం" అంది. కోపంగా కూడా అనలేదు.

శనివారం నేనొక్కడినే మదనపల్లె పోయాను. డోలు లేకుండా ఆ ఆఫీసు మెట్లెక్కితే నన్నెవరూ గుర్తుపట్టలేదు. అర్జీలు తీసుకునే గుమస్తా వినోద్ అన్న కుర్రవాడు మాత్రం తల ఎత్తి, "ఆ పొద్దు వాయించింది నువ్వే గదా పెద్దాయనా" అన్నాడు.

"నేనే. ఆ టీచరు సెప్పింది రాసియ్యాల."

"ఏం సెప్పింది?"

"నాకు తెలీదు."

వినోద్ పెన్ను కింద పెట్టాడు. "నీకు తెలీకపోతే నేనేం రాసుకునేది? నాకూ వినపళ్ళేదు. మినిట్సులో 'మాట్లాడినారు' అని రాసి పెట్టినా."

వరండాలోకి వచ్చి ఫోన్ చేశాను. ఆమె ఇంట్లోనే ఉంది.

"ఆ పొద్దు ఏం సెప్పినావో సెప్పు. నేను రాస్తాను. సాయంత్రం లోపల ఇయ్యాలంట."

  ఆమె మొదలుపెట్టింది. నా చేతిరాత నిదానం. ప్రతి ముక్కకూ ఆపి, మళ్ళీ అనమని అడిగాను. విసుక్కోకుండా మళ్ళీ అంది. వరండా గోడకు కాగితం ఆనించి రాశాను.

"నా దగ్గరకు పద్దెనిమిది మంది పిల్లలు వస్తారు. పాట నేర్చుకుని వీళ్ళు గొప్పవాళ్ళయిపోతారని నేను చెప్పను. నేను కాలేదు. మొదటి నెల నేను పాట నేర్పలేదు. నోరు తెరవమన్నాను. ఇంట్లో గొంతు పెంచొద్దంటే విని పెరిగిన ఆడపిల్లలు. నోరు తెరిచేదానికే నెల పట్టింది. ఒక పాప శ్రుతి తప్పి గట్టిగా పాడేసి, కొడతానేమోనని నా వంక చూసింది. ఇంకోసారి పాడు అన్నాను. నా పని ఇంతే. దీనికి పన్ను వేయాలా అంటే, వేయండి అని అడగడానికి వచ్చాను."

గొప్ప మాటలు ఉంటాయనుకున్నాను. లేవు. కింద కొంచెం చోటు మిగిలితే, "ఆమె మాట్లాడేటప్పుడు డోలు వాయించి వినపడకుండా చేసినది నేను" అని రాసి సంతకం పెట్టాను. వినోద్ చదివి, ఈ చివరి ముక్క అవసరమా అని అడిగాడు. ఉండనిమ్మన్నాను. ముద్ర వేశాడు.

బుధవారం ప్రజలు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాను. సుప్రియ రాలేదు, ఆమెకు క్లాసు ఉంది. మురుగుకాలువ సంగతి చదివిన గొంతుతోనే వినోద్ ఆ కాగితాన్నీ చదివాడు. చివరి వాక్యం దగ్గర ఎవరూ నవ్వలేదు.  చేతులెత్తమన్నారు. సెస్సుకు పద్నాలుగు, వద్దని పంతొమ్మిది. సుల్తానా ఫైలు మూసి బయటికి వెళ్ళిపోయింది. మెట్ల దగ్గర సురేంద్ర నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మనసులో పెట్టుకోవద్దప్పా. తమాషాకు ఎత్తినా. శ్రావణంలో ఆరు పెండ్లిళ్ళుండాయి, నువ్వే రావాల."

తల ఊపాను. వస్తానని ఊపానో రానని ఊపానో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆదివారం నారాయణమ్మ, లోహిత్ కారులో వచ్చారు. లోహిత్ కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్ళు తాగాడు. బాగా సన్నబడ్డాడు. సుప్రియ లోపలి నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"పని లేకపోతే వస్తానని మాటిచ్చింది నువ్వే గదమ్మా" అంది నారాయణమ్మ.

"ఇచ్చినా. ఇప్పుడు రానంటాండా."

"అట్లంటే ఎట్లమ్మా? మాటకు విలువ లేదా? ఏమన్నా, నువ్వు పలకవేం?"

నేను ఏం మాట్లాడాలని ముందుగా అనుకోలేదు. "ఇది ఇప్పుడు తప్పిన మాట కాదమ్మా" అన్నాను. "పెండ్లినాడే తాళి కట్టేటప్పుడు వద్దనింది. నా మేళంలో కలిసిపోయింది. మీకెవురికీ తెలీదు. నాకూ మొన్ననే తెలిసింది."

నారాయణమ్మ కొడుకు వంక చూసింది. లోహిత్ గ్లాసు కింద పెట్టాడు.

"వద్దన్నావా?" అని అడిగాడు సుప్రియను.

"అన్నా."

"నాకెవురూ సెప్పలేదు" అన్నాడు. ఎవరి మీదా కోపం లేదు ఆ గొంతులో. పోగొట్టుకున్న వస్తువు గురించి అడిగి తెలుసుకున్నట్టు ఉంది. కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "తెలిసుంటే కట్టేవాణ్ణి కాదు" అని లేచాడు. "పదమ్మా."

"ఒరే, ఒక్క నిమిషం..."

"పదమ్మా. అయిపోయింది."

కారు సందు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడ్డాను. లోపలికి వచ్చేసరికి సుప్రియ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తర్వాత ఆమెకు పని లేదు. నాకు శ్రావణం దాకా లేదు. ఈ లెక్క వేస్తున్నప్పుడు కూడా నాకు భయం వేయలేదు. భయం ఉండాల్సిన చోటు మాత్రం కనిపించింది.

"బాధగా ఉండాదా నాయినా?"

"ఏమో పాపా. ఇంకా తెలీడం లేదు."

"నాకూ అంతే" అంది. కొంతసేపయ్యాక లేచి, రేపటి క్లాసుకు బస్సు ఎన్నింటికో అడిగింది. ఆరున్నరకని చెప్పాను.