తడి గోనెలో అరిటాకులు

మా అమ్మాయి హైమావతి సంచిలో నేను ఇంకో తువ్వాలు కుక్కుతుంటే ఫకృన్నీసా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“పిల్ల భోపాల్ పోతున్నదా, హజ్‌కు పోతున్నదా? గిన్ని తువ్వాళ్లు ఏం జేసుకుంటది పద్మక్కా. జెర నాకు జాగ ఇడువు.”

ఆ జాగాలో తను కుట్టి తెచ్చిన దిండు గలేబులు రెండు పెట్టింది. అంచు చుట్టూ ఆకుపచ్చ దారంతో తీగ అల్లింది. హైమ వాటిని తీసి చెంపకు ఆనించుకుంది. “ఖాలా, ఇవి వాడను, దాచుకుంటాను,” అంది.

“దాసుకుంటే ఎలుకలు కొడ్తయి. పండుకో వాటి మీద.”

నాకు సంచి సర్దడమంటే భయం. ఇంట్లో ఎవరు ఊరెళ్తున్నా సర్దినవన్నీ తీసి మళ్లీ మొదలుపెడతాను. సర్దడం అయిపోతే మనిషి వెళ్లిపోవడమే కదా. ఆ రోజు మరీ చేతులాడలేదు. పెళ్లి అన్నవరంలో అయిపోయింది. ఆ సాయంత్రం మా ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బులో ఇక్కడి వాళ్లందరికీ భోజనాలు. మర్నాడు పొద్దున్నే అల్లుడితో హైమ రైలెక్కాలి.

“ఇయ్యాల నువ్వు నాకు వడ్డిస్తవు,” అంది ఫకృన్నీసా సంచి మూతి బిగిస్తూ. “యాదున్నదా? ఎప్పటి మాట అది.”

మరిచిపోయే మాట కాదు. అరవై తొమ్మిదిలో గొడవలు జరిగినప్పుడు మేం పటాన్‌చెరులో ఫకృన్నీసా వాళ్లింట్లోనే ఒక గది కిరాయికి ఉన్నాం. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన వాళ్ల ఇళ్ల మీద రాళ్లు పడుతున్న రోజులు. మా ఆయన రాజారావు ప్లాంటులోనే చిక్కుకుపోయారు. ఫకృన్నీసా నన్నూ పన్నెండేళ్ల హైమనూ తన లోపలి గదిలోకి లాక్కెళ్లి పరదా దించింది. వీధిలోంచి మనుషులు వచ్చి అడిగితే పరదా వెనకనుంచే, “లోపట బాలింత ఉన్నది. మొగోళ్లు గడప తొక్కుతరా?” అని అబద్ధమాడింది. వాళ్లు వెళ్లిపోయారు.

గొడవ చల్లారేదాకా ఆ ఇంట్లో మాంసం వండలేదు. నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి మొదట నా ముందు పళ్లెం పెట్టేది. నేను ముద్ద నోట్లో పెట్టేదాకా ఆమె భర్త తాజ్ మొహమ్మద్ కూడా అన్నం ముట్టేవాడు కాదు. మెహమాన్ తినకముందు ఇంటివాళ్లు తినకూడదట. ఒకరోజు హైమ తింటూ తింటూ లేచి పరుగెడితే నేను కసిరాను. బంతి నడుమ లేవకూడదనీ, అందులో పెళ్లి బంతి నడుమ లేస్తే పెళ్లికూతురి కాపురానికి కీడనీ మావాళ్ల నమ్మకం. అది ఫకృన్నీసాకు వివరంగా చెప్పాను. అప్పుడే అన్నాను, “మా హైమ పెళ్లి బంతిలో మొదటి విస్తరి నీది. నా చేత్తో వడ్డిస్తాను,” అని.

ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు అడ్డొచ్చింది మా బావగారు భీమశంకరం. మా ఆయనకు అన్న. చదివించి ఉద్యోగస్తుణ్ణి చేసిన మనిషి కనుక ఆయన మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. పెళ్లికి నెల ముందే వచ్చి మా వసారాలో పడక్కుర్చీ వేసుకుని తేల్చేశారు.

“మీ ఫ్యాక్టరీ జనం, సాయిబులు, అంతా కలిసి వస్తారు. వాళ్ల పక్కన విస్తరి ముందు నేను కూర్చోలేను. వాళ్లకి వేరే బంతి వెయ్యిరా.”

నేను తలుపు వెనకనుంచే అన్నాను. “వేరే బంతి వేస్తే ఆ భోజనాలే వద్దు.”

మా ఆయన అటూ ఇటూ చూశారు. ఆయనకు తగువంటే జ్వరం. కాసేపటికి ముఖం వెలిగింది. “బఫే పెడదాం అన్నయ్యా. క్లబ్బులో ఆఫీసర్లు ఇప్పుడదే పెడుతున్నారు. బల్లల మీద అన్నీ ఉంటాయి, ఎవరి పళ్లెంలో వాళ్లు పెట్టుకుని తింటారు. అసలు బంతే లేకపోతే ఇంక తగువేముంది?”

“నిలబడి తినడానికి అది కాజీపేట స్టేషనా?” అన్నాను. “బురఖా వేసుకున్న ఆడవాళ్లు మగాళ్ల మధ్య ముసుగెత్తి ఎలా తింటారు? పెళ్లికి పిలిచి, పళ్లెం పట్టుకుని వరసలో నిలబడమంటామా?”

“ఆడవాళ్లకి ఓ పక్క కుర్చీలు వేయిస్తాను. కాలం మారింది పద్మా. నువ్వే కదా పత్రికలన్నీ చదివేది.”

ఆశ్చర్యం, బావగారు వెంటనే ఒప్పుకున్నారు. “సరే, అలాగే కానీ,” అని విసనకర్ర అందుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. నిలబడితే అందరం నిలబడతాం, అందులో ఎక్కువ తక్కువలు లేవు కదా అనుకున్నాను.

సంచి పక్కన పెట్టి ఫకృన్నీసాకు ఈ సంగతి చెప్పాను. మొదట నవ్వింది. “నిలబడా? గుర్రాల లెక్కనా?”

“నువ్వు కుర్చీలో కూర్చో. నేనే పళ్లెం తెచ్చి నీ పక్కన కూర్చుంటాను.”

“అందరు నిలబడ్తె నేను గుడ నిలబడ్త తీయ్. నువ్వు పరేషాన్ కాకు. బిడ్డ పెండ్లిల గీ మొఖమేంది?”

ఆమె ఇంటికి వెళ్లి తయారై వస్తానని లేచింది. గుమ్మంలో బావగారి సామాను పక్కన తడి గోనెలో చుట్టిన కట్ట ఒకటి ఆమె కాలికి తగిలింది. అరిటాకులు. ఊరినుంచి తెచ్చుకున్నారు. ఇవెందుకని మా ఆయన్ను అడిగితే, “దేవుడి దగ్గరికి,” అన్నారు నా ముఖం చూడకుండా.

సాయంత్రం క్లబ్బులో నన్ను వేదిక మీద నిలబెట్టారు. వచ్చినవాళ్లకు దండం పెట్టడం, ఫోటోకు నిలబడడం. దిగబోతే మా ఆయన, “జనరల్ మేనేజరు గారు వస్తున్నారు, ఆగు,” అన్నారు. ఆయన వచ్చారు, తిన్నారు, వెళ్లారు. బల్లల దగ్గర జనం తోసుకుంటున్నారు. మూల వేసిన కుర్చీలో ఫకృన్నీసా కూర్చునే ఉంది. ఎవరూ వెళ్లి లేవమ్మా, తినమ్మా అనలేదు. గృహస్థు వచ్చి పిలవకుండా అన్నం దగ్గరికి వెళ్లే మనిషి కాదామె.

“అమ్మా, ఖాలా ఇంకా తినలేదు,” అంది హైమ నా చెవిలో.

నేను ఫోటో వాణ్ణి పక్కకు నెట్టి దిగాను. బల్లల మీద అడుగూ బొడుగూ తప్ప ఏం లేదు. వేడివి తెద్దామని పళ్లెం పట్టుకుని వెనక వసారాలో ఉన్న వంటవాళ్ల దగ్గరికి వెళ్లాను.

అక్కడ చాపలు పరిచి ఉన్నాయి. చాపల ముందు అరిటాకులు. మధ్యలో బావగారు, ఆయనకు అటూ ఇటూ మా ఊరినుంచి వచ్చిన చుట్టాలు. వంటవాడు వంగి వంగి నెయ్యి వేస్తున్నాడు. మా ఆయన చివర నిలబడి, “ఇంకో బూరె వెయ్యవయ్యా,” అంటున్నారు. ఆయన కోసం వేసిన ఆకు ఒకటి ఖాళీగా ఉంది.

“బంతే లేకపోతే తగువే లేదన్నారు,” అన్నాను.

“మెల్లగా పద్మా. పెద్దవాళ్లు, నిలబడి తినలేరు. బయటివాళ్లకి మనం ఏం లోటు చేశాం?”

“దేవుడి దగ్గరికన్నారు ఆకులు. ఈయనేనా దేవుడు?”

పెళ్లయి వచ్చిన నాటినుంచి తలుపు చాటునుంచి తప్ప బావగారి ఎదుటికొచ్చి నేను గొంతెత్తలేదు. ఆయన నాకేసి చూడలేదు కూడా. “రాజారావూ, మీ ఆవిడకి ఒంట్లో బాగున్నట్టు లేదు. ఇంటికి పంపించు,” అని పప్పు కలుపుకున్నారు.

నేను ముందు గదిలోకి వెళ్లాను. ఫకృన్నీసా చెయ్యి పట్టుకుని లేవదీశాను. వేడివి తిందువుగాని రమ్మని వెనక వసారా గుమ్మందాకా తెచ్చాను. “అదిగో నీ విస్తరి,” అన్నాను ఖాళీ ఆకు చూపించి.

ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చాపలు చూసింది, ఆకులు చూసింది. ముందు గదిలో నిలబడి తింటున్న జనాన్ని వెనక్కి తిరిగి చూసింది. బావగారు ముద్ద ఆకులో వదిలేసి ఒక కాలు కిందికి మడుచుకున్నారు, లేవడానికి. చుట్టాలంతా చేతులాపి ఆయన చేతినే చూస్తున్నారు.

“ఇడువు పద్మక్కా,” అంది నెమ్మదిగా. “నేను కూసుంటే ఆయన లేస్తడు. ఆయన లేస్తే అందరు లేస్తరు. పెండ్లి బంతి నడుమ లేస్తే పిల్ల కాపురానికి కీడని నువ్వే జెప్పినవు.”

“లేవనీ. ఒట్టి మాటలవి.”

“నీకు కోపమొచ్చి గిట్ల అంటున్నవు. కాపురం నీది గాదు, హైమది.”

“అయితే ముందు గదిలో నా పక్కన కూర్చుని ఒక్క ముద్ద తిను.”

“ముందుగాల అడిగితే తింటుంటి. నిలబడి గుడ తింటుంటి. మీరు లోపట కూసోని, నన్ను బయట నిలబడుమంటే ఎట్ల తినాలె చెప్పు?”

ఆమె వేదిక ఎక్కి హైమ తలమీద చెయ్యి పెట్టింది, అల్లుడికి నవ్వుతూ ఏదో చెప్పింది, ముసుగు దించుకుని తాజ్ మొహమ్మద్‌ను పిలుచుకుని మెట్లు దిగింది. ఆయన కూడా ఎంగిలి పడలేదు.

బంతి లేవలేదు. బావగారు పెరుగన్నం దాకా తిన్నారు. గోనెలో మిగిలిన ఆకుల్ని నేను ఎత్తుకెళ్లి క్లబ్బు వెనక గేదెల ముందు వేశాను. మా ఆయన వెంట పడి, “ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?” అన్నారు. ఆ తర్వాత బావగారు మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా నేను వండాను తప్ప వడ్డించలేదు. మా ఆయనే వడ్డించుకున్నారు. ఆ కోపం ఇప్పటికీ నాలో అలాగే ఉంది. తగ్గాలని నేను కోరుకోవడం లేదు.

ఫకృన్నీసా ఇంటికి నేను వెళ్తూనే ఉన్నాను. వెళ్లినప్పుడల్లా దస్తర్‌ఖాన్ పరిచింది, నేను తినేదాకా తను ముట్టలేదు. మా ఇంటికి రమ్మంటే, “వస్త తీయ్,” అనేది.

సంచి సర్దుకుని భోపాల్ వెళ్లిన హైమావతి ఏటా వేసవికి వచ్చింది. బావగారు దసరాకీ వచ్చారు, కంటి ఆపరేషనుకీ వచ్చారు. ఫకృన్నీసా రాలేదు. పందొమ్మిది వందల డెబ్బై ఐదు మే నెలలో మా క్లబ్బు మెట్లు దిగింది. డెబ్బై తొమ్మిది ఆగస్టులో పటాన్‌చెరులో చనిపోయింది. ఈ మధ్యలో ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు.