పిట్టలదొర అబద్ధం

నరసరావుపేట నుంచి కోటప్పకొండకు పోయే దారిలో ఒక వెంచర్ ఉంది. పేరు రాసిన ఆర్చి ఉంది, పార్కు అని రాసిన బోర్డు ఉంది, రంగులు వేసిన హద్దురాళ్ళు ఉన్నాయి. ఇల్లు మాత్రం ఒక్కటే ఉంది. అది శ్రీమన్నారాయణది.

"చూస్తుండండి, చుట్టూ ఇళ్ళు లేస్తాయి, సందడే సందడి" అని భార్య యశోద పట్టుబట్టి కట్టించింది. ఆ సందడి రాకముందే ఆవిడ గుంటూరు ఆసుపత్రిలో పోయింది.

పగలంతా పేట బజారులో ఎరువుల కొట్టు. అది మూసి ఇంటికొచ్చి తాళం తీస్తే పలకరించేది టీవీ ఒక్కటే, అదీ ఈయన నొక్కితేనే. అందుకని పిట్టల్ని చూడటం మొదలుపెట్టాడు. ఒక బైనాక్యులర్ తెప్పించుకుని తెల్లారగానే డాబా ఎక్కేవాడు. కంపచెట్ల మీద పికిలిపిట్టలు, కరెంటు తీగ మీద పాలపిట్ట, అదృష్టం బాగుంటే జెముడుకాకి.

ఈ సంగతి బజారులో పొక్కింది. "ఏం పిట్టలదొరా, ఇయ్యాల ఎన్ని పులుల్ని కొట్టావు?" అనేవాళ్ళు పక్క కొట్లవాళ్ళు. చెక్క తుపాకీ భుజాన వేసుకుని, కోతలు కోస్తూ ఊరూరా తిరిగే పిట్టలదొరతో పోలిక. శ్రీమన్నారాయణ నవ్వేవాడు. ఏదో ఒక పేరుతో పిలుస్తున్నారు కదా, అదే పదివేలు. నిజానికి ఆయనకు కోతలు రావు. మందు పనిచేయదని తెలిస్తే కొనొద్దని రైతుకు తనే చెప్పే మనిషి. ఆ కొట్టు ఎలా నడిచిందో కొండమీది త్రికోటేశ్వరుడికే తెలియాలి.

ఎండాకాలంలో పక్క ప్లాటులో తీతువు జంట గుడ్లు పెట్టింది. గూడంటే గూడూ కాదు, గులకరాళ్ళ మధ్య చిన్న గుంట. గుడ్లూ రాళ్ళలాగే ఉంటాయి. అటు అడుగు వేస్తే చాలు, రెండూ లేచి నెత్తి మీద తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా అరిచేవి. తీతువు కూస్తే చావు కబురని పల్నాడులో పసిపిల్లకైనా తెలుసు. శ్రీమన్నారాయణ మాత్రం దొరికిన వాళ్ళందరితో వాదించేవాడు. "ఒట్టి మాటయ్యా! పిల్లల కోసం అరుస్తయ్. మీ అమ్మ అరవదా ఏంది?"

ఒక ఆదివారం ఆ ప్లాటు కొన్నవాళ్ళు శంకుస్థాపనకు వచ్చారు. జ్ఞానేశ్వర్, అతని భార్య పూర్ణిమ, తల్లి రాజ్యలక్ష్మి, వెంట పంతులుగారు. కారు చప్పుడు వినగానే శ్రీమన్నారాయణకు ప్రాణం లేచొచ్చింది. చొక్కా మార్చుకుని, ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని వెళ్ళాడు.

"ఒక్కరే ఉంటారా బాబాయిగారూ ఇక్కడ?" అంది పూర్ణిమ కప్పు అందుకుంటూ. "మా ఇల్లు లేచేదాకానే లెండి. తర్వాత ఆదివారం కూర మాదే."

ఆయన కళ్ళు చెమర్చాయి. కూర ఊసెత్తే మనిషి కనబడి ఎన్నాళ్ళయిందో.

పంతులుగారు ఈశాన్య మూల చూపించారు. తవ్వాల్సింది అక్కడే, గుడ్లున్నదీ అక్కడే. జ్ఞానేశ్వర్ గడ్డపార ఎత్తాడు. తీతువులు లేచాయి.

"ఒరేయ్, ఆగరా! ముహూర్తానికి తీతువేందిరా!" రాజ్యలక్ష్మి కొడుకు చెయ్యి పట్టుకుంది. శ్రీమన్నారాయణ వైపు తిరిగి, "అన్నయ్యగారూ, ఇది ఇయ్యాలే కూసిందా, రోజూ కూసుద్దా?" అని అడిగింది.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. గుడ్లున్నాయమ్మా, అందుకే అరుస్తోంది అంటే చాలు, భయం పోతుంది. గుడ్లు తీసి కంపలో పారేస్తారు, ముహూర్తం ఆగదు. ఏడాది తిరిగేసరికి పక్కన ఇల్లు, తాలింపు చప్పుడు, ప్రహరీ మీద నుంచి కూర గిన్నె. కొన్నాళ్ళు ఆగండని అడుగుదామంటే ముహూర్తం ఆగేది కాదు, ఈశాన్యం జరిగేదీ కాదు. నెత్తి మీద పిట్టలు గొంతు చించుకుంటున్నాయి.

"రోజూ కూసుద్దమ్మా" అన్నాడు. "మా ఆవిడ పోయిన రోజు కూడా ఇక్కణ్ణించే కూసింది."

జ్ఞానేశ్వర్ గడ్డపార పక్కన పెట్టేశాడు. కొబ్బరికాయలు మళ్ళీ సంచిలోకి వెళ్ళాయి. పూర్ణిమ సగం తాగిన కప్పు హద్దురాయి మీద పెట్టి, ఆయన మొహం చూడకుండా కారెక్కింది.

యశోద పోయింది ఏసీ గదిలో. అక్కడ తీతువు కాదు కదా, ఈగ కూడా లేదు. ఇంట్లోకి వచ్చి ఆవిడ ఫోటో ముందు నిలబడి "తప్పయిందే" అన్నాడు. పిట్టకూ చెప్పుకోవాల్సిందే. ఊరు దాని మీద వేసిన నిందకు తనే సాక్ష్యం చెప్పి వచ్చాడు.

మాట ఊరుకుంటుందా, పేటంతా పాకింది. ప్లాట్లు చూడటానికి వచ్చే కార్లు ఆగిపోయాయి. మంచినీళ్ళ ఆటో అతను క్యాను ఆర్చి దగ్గరే దించి, హారన్ కొట్టి పోతున్నాడు. బజారులో పిట్టలదొరా అని ఎవరూ పిలవడం లేదు. శ్రీమన్నారాయణగారూ అంటున్నారు, అదీ దూరం నుంచే.

గుడ్లు పిల్లలయ్యాయి. పుట్టిన మర్నాడే అగ్గిపుల్లల్లాంటి కాళ్ళతో తల్లి వెనకాల పరుగెత్తుతుంటే, డాబా మీద నుంచి చూసి పడీపడీ నవ్వాడు. "చూశావా!" అంటూ పక్కకు తిరిగాడు. పక్కన నీళ్ళ ట్యాంకు ఉంది.

తొలకరి పడింది. పిల్లల్ని తీసుకుని తీతువులు చేల వైపు వెళ్ళిపోయాయి.

ఒక పొద్దున శ్రీమన్నారాయణ పక్క ప్లాటులోకి వెళ్ళి, ఈశాన్య మూల, ఆ గుంట మీదే నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. నెత్తి మీద తిరిగి పొమ్మని అరవడానికైనా ఎవరూ రాలేదు.