నవత బొటనవేలు

"మీ వివరాలు మాకు ప్రాణంతో సమానం. ఒక్కటి కూడా ఈ గడప దాటి పోదు."

బోధన్ బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన పెద్ద దుకాణం గోడ మీద ఈ మాట ఉంటుంది. ఆ రోజు ప్రమీలమ్మ చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, కూతురు నవతతో కలిసి సబ్బుల కోసం అందులోకి పోయింది. కార్డు తీసుకుంటే బకెట్ ఉచితమన్నారు. పేరు, ఫోన్ నంబరు, పుట్టినరోజు, ఆరోగ్య కార్డు నంబరు, అడిగినవన్నీ చెప్పింది. వేలిముద్ర మాత్రం పడలేదు. ఏళ్ల తరబడి తునికాకు చుట్టిన బొటనవేలు గాజులా నున్నగా అరిగిపోయింది. ఆ వాడలో దీనికో అలవాటుంది. ఒకరి వేలు పడకపోతే పక్కనున్నవాళ్లు పెడతారు. నవత పెట్టింది.

ఆ వారమే ప్రమీలమ్మ ఇంట్లో కూర్చునే ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది.

"ప్రమీలా, నిన్న వేల్పూర్ల నిన్ను జూసిన. పిలిస్తే పలుకకపోతివి. గంత బలుపేందే?" అంది పక్కింటి పెంటవ్వ.

"నేను కాదవ్వా. కార్డు తీసుకున్న గదా, గది తిరుగుతున్నది."

"అట్లనా. నాది ఇందల్వాయి దిక్కు పోయిందట," అంటూ పెంటవ్వ ఆకుల చాట ముందుకు లాక్కుంది.

వివరాలు కొనుక్కున్నవాళ్లు రమ్మన్న చోటికల్లా ఆ కార్డు రూపాలు నడిచిపోయేవి. వాటికి నీడ ఉండేది కాదు. ఎదురైతే జనం పక్కకు జరిగి దారిచ్చేవారు.

ఎండాకాలం వచ్చేసరికి ప్రమీలమ్మకు ఆకు అంచు కనబడక వేళ్లు తెగసాగాయి. డిగ్రీ చదివే కొడుకు అఖిలేష్ ఆమెను నిజామాబాద్‌లో కంటి ఆపరేషన్‌కు తీసుకుపోయాడు.

"ఈమెకు పోయిన నెలనే చేసినం," అన్నాడు కౌంటర్‌లో మనిషి. "ఆరోగ్య కార్డు మీద రెండోసారి కాదు."

అఖిలేష్ బస్సు దిగి నేరుగా దుకాణానికి పోయాడు.

"మా వివరాలు మా హక్కు! ప్రజల బతుకులు అంగడి సరుకు కాదు! సబ్బు అమ్మడానికి మా అమ్మ ఆరోగ్య కార్డు ఎందుకు?"

మేనేజర్ భానుప్రసాద్ నవ్వాడు. "ఎవరు బలవంతపెట్టిండ్రు తమ్మీ? చెప్పనంటే బకెట్ ఇయ్యకపోదుము. సబ్బు ఎట్లయినా ఇచ్చేటోళ్లమే."

"మరి గోడ మీద రాసిన మాట?"

"ఈ గడప దాటదనే రాసినం. వెనక తలుపు గురించి రాయలే."

అఖిలేష్ వెనక్కి పోయి చూశాడు. వాడంతా అక్కడ వరసలో నిలబడి ఉంది, ఎండలో, నీడల్లేకుండా. పెంటవ్వ ఉంది. పక్కనే అమ్మ, కంటికి తెల్లటి పట్టీతో.

"అమ్మా!"

కదల్లేదు. ముడతలు పడ్డ ఆ చేతికి బొటనవేలు ఒక్కటే చెల్లెలి వేలిలా లేతగా ఉంది.

"నవతా," అన్నాడు మెల్లగా.

ఆమె తిరిగింది. అతని వెంట నడిచింది.

 ఇంట్లో ప్రమీలమ్మ జరిగి చోటిచ్చి, ఒక చాట ఆ వచ్చినామె ముందుకు నెట్టింది. ఇద్దరూ చుడుతూ కూర్చున్నారు. కట్ట మీద కట్ట పడుతుంటే ఆ లేత వేలి గీతలు అరిగాయి, మనిషి పలచబడింది. సాయంత్రానికి చాటలో కంటి పట్టీ ఒక్కటే మిగిలింది.

ప్రమీలమ్మ దాన్ని తీసి చూసింది. తర్వాత వీధి అవతలి గోడకేసి తలెత్తింది.

"గా గోడ మీద పోస్టర్ల పిల్లకు చెవిపోగులున్నయి గదరా! ఇన్ని దినాలు బోసిచెవులనుకున్న."

అఖిలేష్ నవ్వబోయాడు.

"అన్నా," అంది నవత. బొటనవేలు దీపం దగ్గర పట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది. ఒక్క గీత లేదు. జీవితంలో ఒక్క బీడీ చుట్టని వేలు.

తెల్లారేసరికి దుకాణం అద్దాల మీద ఎర్ర అక్షరాల కాగితం ఉంది:

"మా చెల్లెలికి నర్సింగ్ పరీక్ష జూన్ పదకొండున. హాలు గేటు దగ్గర వేలు పెడితేనే లోపలికి రానిస్తారు. ఆమె వేలిగీతలు ఎవరికి అమ్మారు? ఎట్లా తెచ్చిస్తారు? జూన్ పదో తారీఖు లోగా జవాబు చెప్పాలి."