కొరికిన కొసలు

నాకో పాడలవాటు ఉండేది. దారం తెంపాలంటే కత్తెర వెతుక్కునేదాన్ని కాదు, పళ్ళతో పుటుక్కున కొరికేసేదాన్ని. పదహారేళ్ళప్పుడు కుట్టు నేర్చుకోవడం మొదలెట్టిన రోజు నుంచీ అంతే. నేర్పిన ఎర్లిందా టీచరమ్మ నన్ను తిట్టని రోజు లేదు. "ఒసే నెల్వా, పళ్ళు తిండి తినడానికే. కత్తెర కొన్నది దేనికి, గోడకి తగిలించుకోడానికా?" అనేది. దాచినా దాగేది కాదు. కుట్టడం అయిపోయిన బట్ట చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ముందు దారాల కొసలు చూసేది. "ఇదిగో, కత్తెరతో కోసింది తిన్నగా ఉంది. ఇది చూడండే, తడిసిన పిల్లి తోకలా పీచులు పీచులుగా! ఎవరి పనో చెప్పక్కర్లేదు" అని అందరి ముందూ నా పరువు తీసేది.

ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. ఆవిడకి ఎనభై దాటాయి. మా గ్వాయకిల్ నగరంలో, ఓ ఇరుకు సందులో, అటు మేడ మీద ఆవిడ ఒంటరిగా, ఇటు మేడ మీద నేనూ మా ఆయన ఓల్గెర్. రెండు కిటికీల మధ్యా కప్పీ మీద తిరిగే తాడు ఒకటుంది. దానికి చిన్న బుట్ట తగిలించి ఉప్పూ, కొత్తిమీరా, కబుర్లూ అటూ ఇటూ లాక్కుంటాం. నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతుకుతాను.

ఆ ఏడు మార్చిలో యూనిఫారాలకి తెల్ల పాప్లిన్ తాను తెచ్చి పెట్టుకున్నానో లేదో, ఊరి మీద జబ్బు వచ్చి పడింది. బళ్ళు మూసేశారు. మధ్యాహ్నం రెండు దాటితే కర్ఫ్యూ. మూలింటి తాత పోతే తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. మూడు రోజులు ఇంట్లోనే ఉంచుకుని, నాలుగో రోజు దుప్పటి చుట్టి గుమ్మం బయట పడుకోబెట్టారు. ఎండ తగలకూడదని పక్కనే గొడుగు తెరిచి పెట్టారు. ఎర్ర పూల గొడుగు. అది చూసిన రోజు నుంచీ నాకు ముద్ద దిగలేదు.

మా కింద కొట్టు నడిపే మరియుక్సీయే మొదట అడిగింది. "వదినా, మందుల షాపులో ఒక్క మాస్కు దొరకట్లేదు. నీ దగ్గర తానుకి తాను గుడ్డ మూలుగుతోంది కదా, కుట్టి పెట్టకూడదూ?" అంది. నిజమే కదా అనిపించింది. ఖాళీగా కూర్చుని వణికేకంటే కుడుతూ వణకొచ్చు.

రెండు పొరలు పెట్టి, మధ్యలో మూడు మడతలు తీసి, అంచు చుట్టూ కుట్టు. అంతే పని. చెవులకి వేసే ఎలాస్టిక్ మాత్రం ఊరంతా వెతికినా లేదు. టీచరమ్మతో అంటే, "నాడాలు పెట్టవే, మా కాలంలో ఎలాస్టిక్ ఎవడు చూశాడు? నాడాలు నేను కుట్టి పంపిస్తా" అంది. మర్నాడే బుట్టలో ఓ కట్ట వచ్చింది. సన్నటి నాడాలు, ఒక్కోటీ విడిగా మడిచి కుట్టినవి.

ఎంత జాగ్రత్తగా ఉన్నానో చెబితే నవ్వుతారు. చేతులు పగిలేదాకా కడిగేదాన్ని. బుట్ట వచ్చినా పోయినా క్లోరిన్ నీళ్ళతో తుడిచేదాన్ని. కుట్టిన ప్రతి మాస్కునీ వేడివేడి ఇస్త్రీపెట్టెతో రుద్దేదాన్ని. రుద్దాక వెలుతురులోకి పట్టుకుని చూసేదాన్ని, ఎక్కడైనా దారప్పోగు మిగిలిందేమోనని. మిగిలితే... అలవాటు కదా.

నలభై ఒక్క మాస్కులు సందంతా పంచాను. టీచరమ్మది మాత్రం వెనక్కి వచ్చింది. "ఇదేంటే ఇంత తెల్లగా, శవం మూతికి కట్టే గుడ్డలా! ఓ పువ్వైనా వెయ్యి" అని కిటికీలోంచి అరిచింది. సరేనని నీలం దారంతో అయిదు రేకుల పువ్వు కుట్టి పంపాను. మంగళవారం అది అందగానే కట్టుకుని, కిటికీలో అటూ ఇటూ తిరిగి చూపించింది. రెండో నాడాల కట్ట రుమాల్లో మూటగట్టి పంపుతూ, "ఏం వేయిస్తున్నావే, ఉల్లిపాయలు ఘుమఘుమలాడిపోతున్నాయి, చంపేస్తున్నావు" అంది.

గురువారం పొద్దున ఇస్త్రీ చేస్తున్నాను. ఒళ్ళు కాస్త నొప్పులుగా ఉంటే మిషను తొక్కడం ఎక్కువైందనుకున్నాను. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద పెట్టి, అటు తిరిగి మడతలు చూసుకుంటున్నాను. లోపలి గదిలోంచి ఓల్గెర్ కేక పెట్టాడు.

"ఏం మాడుతోందే? ఇల్లంతా కంపు కొడుతుంటే నీకు తెలియట్లేదా?"

తిరిగి చూస్తే పొగ. గుడ్డ నల్లగా మాడిపోయి ఉంది. నా మొహం ఆ పొగలోనే ఉంది, కానీ వాసన లేదు. కాఫీ డబ్బా మూత తీసి ముక్కు పెట్టాను. లేదు. ఉల్లిపాయ చిదిమాను. లేదు. క్లోరిన్ సీసా తెరిచి గట్టిగా పీల్చాను. కళ్ళు మండాయి గానీ వాసన మాత్రం రాలేదు. కుర్చీలో కూలబడ్డాను. నాలిక్కి ఏదో తగిలింది. వేలుపెట్టి తీస్తే, పళ్ళ సందున నీలం దారం ముక్క.

అప్పుడు తెలిసింది నాకు. చేతులు కడిగాను, బుట్ట కడిగాను, నోరు కడిగానా? ఇస్త్రీ చేశాక కదా నేను కొరికింది! ఇంటింటికీ నా ఎంగిలి పంచాను. వాళ్ళు దాన్ని ముక్కుకీ మూతికీ కట్టుకుని, అమ్మయ్య అనుకుని తిరుగుతున్నారు. అందరికంటే ఎక్కువ దారాలు కొరికింది టీచరమ్మ పువ్వుకి. ఆవిడకి ఉబ్బసం. ఓరి దేవుడా, నన్ను చేరదీసి బతుకు తెరువు నేర్పిన మనిషికి పువ్వు కుట్టి మరీ చావు పంపానా?

కిటికీ తెరిచి అరిచాను. సిగ్గెక్కడిది? "మాస్కులు తీసెయ్యండి! మరిగే నీళ్ళల్లో వెయ్యండి! నాకు జబ్బు వచ్చింది! ఆ దారాలు నేను పళ్ళతో కొరికాను!"

కిటికీలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. మరియుక్సీ కొట్టు బయటికొచ్చి, మొహాన ఉన్న మాస్కు పీకి నేలకేసి కొట్టింది. "కొరికావా? మనిషివా, ఎలకవా? మా ఆయన మూడు రోజులుగా అదే కట్టుకుని తిరుగుతున్నాడే తల్లీ!"

"తెలీక చేశాను వదినా."

"తెలీకట! ఇంటికో శవం లేస్తే కూడా అదే చెప్పు!"

ఆ మాట నిజం కావచ్చు. నా చూపంతా ఎదురు కిటికీ మీదే ఉంది. ఇంత గొడవ జరుగుతున్నా అది తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. నేనే వెళ్తానని చెప్పులేసుకుంటే ఓల్గెర్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఎక్కడికి? మిగిలింది కూడా అంటించి రావడానికా?" అన్నాడు. ఆ రోజంతా ఒళ్ళు పెనంలా కాలుతూ, మూసిన ఆ కిటికీకేసి చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పుడు మర్చిపోయిన ప్రార్థనలన్నీ సగం సగం చదివాను.

శుక్రవారం పొద్దున పదింటికి ఆ కిటికీ తెరుచుకుంది. టీచరమ్మ చట్టం పట్టుకుని నిలబడింది. మూతికి నా మాస్కే, నీలం పువ్వుతో. మనిషి ఒక్క రోజులో సగమైపోయింది.

"తియ్యండి! టీచరమ్మా, అది తీసెయ్యండి!" అని ఏడ్చాను.

ఆవిడ మాస్కు కిందికి లాగి, దగ్గి, ఊపిరి కూడదీసుకుంది. "ఎందుకే ఆ శోకాలు? నిన్న నీ అరుపులన్నీ విన్నాను. లేవలేక పలకలేదు. జబ్బు నీ దగ్గర్నుంచి నాకు రాలేదే పిచ్చిదానా. నా దగ్గర్నుంచే నీకొచ్చింది."

"ఏమంటున్నారు?"

"నాకు వారం నుంచీ వాసనా లేదు, రుచీ లేదు. ముసలితనం అనుకున్నాను. వేళ్ళకి కత్తెర పట్టు దొరకట్లేదే. నీకు పంపిన నాడాలన్నీ పళ్ళతోనే తెంపాను. నిన్నన్ని తిట్లు తిట్టి, ఏ మొహం పెట్టుకుని చెప్పను?" సందంతా వినేలా గొంతు పెంచి, "మరియుక్సీ! వింటున్నావా? తిట్టాలంటే నన్ను తిట్టు, దాన్ని కాదు!" అంది.

కింద మరియుక్సీ నోరు తెరుచుకుని చూస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అబద్ధం చెప్పను, మొట్టమొదట నాకు కలిగింది సంతోషమే. నేను కాదు, నేను చెయ్యలేదు అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది. "ముప్పై ఏళ్ళు నన్ను తిట్టి, చివరికి మీరూనా!" అన్నాను.

"ఆఁ, నేనూనే. ఇంక వెళ్ళి పడుకో" అని కిటికీ మూసింది.

ఓల్గెర్ రెండు పూటలా గంజి కాచి ఆవిడ గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి వచ్చేవాడు. ఆదివారం పెట్టింది సోమవారానికీ అలాగే ఉంది. తలుపు పగలగొట్టారు. రెండు రోజులు ఫోన్లు చేయగా చేయగా, ముసుగులేసుకున్న మనుషులెవరో వచ్చి, శవపేటికలు దొరక్క, ఆవిణ్ణి అట్టపెట్టెలో తీసుకెళ్ళారు. కిటికీలోంచి చూడటం తప్ప నేనేమీ చెయ్యలేకపోయాను.

నేను బతికాను. మరియుక్సీ మొగుడు మూడు వారాలు మంచం పట్టి, చావు తప్పి లేచాడు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. టీచరమ్మ పేరున తొమ్మిది రోజుల ప్రార్థన పెడదామని నేనంటే మా సందులో ఒక్కరూ రాలేదు. "నాడాలు పంచి నా మొగుణ్ణి చంపబోయింది ఆ ముసలిది, దానికి ప్రార్థన కూడానా?" అంది మరియుక్సీ. నేను కిటికీ మూసుకున్నాను.

జూన్‌లో మళ్ళీ ఎవరో మాస్కులు అడిగితే మిషను మీద దుమ్ము దులిపాను. డ్రాయరు లాగితే అడుగున రుమాలు మూట కనిపించింది. ఆ మంగళవారం ఆవిడ పంపింది. అప్పట్నుంచీ విప్పనే లేదు. విప్పి, ఒక నాడా తీసి, ఆవిడ చూసినట్టే వెలుతురులోకి పట్టుకుని కొస చూశాను.

తిన్నగా ఉంది.

ఇంకోటి తీశాను. అదీ తిన్నగానే ఉంది. అన్నీ మంచం మీద పరిచి చూశాను. ముప్పై ఆరు నాడాలు, డెబ్బై రెండు కొసలు. ఒక్కటంటే ఒక్కటి కొరికింది లేదు. అన్నీ కత్తెర కోతలే.

అప్పుడు ఉల్లిపాయల మాట గుర్తొచ్చింది. వారం నుంచీ వాసన లేని మనిషికి, అదే మంగళవారం నా ఉల్లిపాయలు ఎలా ఘుమఘుమలాడాయి? ఆ మాట నాకు శుక్రవారమే గుర్తు రావాల్సింది. రాలేదు. గుర్తు తెచ్చుకోవాలని నాకే లేదేమో.

"ఎంత అబద్ధాలకోరు ముసలిదానివే నువ్వు!" అని నాడాలన్నీ ఒళ్ళో వేసుకుని ఏడ్చాను. జన్మలో ఆవిణ్ణి 'నువ్వు' అన్నది ఆ ఒక్కసారే.

ఆ మూట మళ్ళీ కట్టేసి డ్రాయరులో తోసేస్తే ఎవరికీ తెలియదు. కింద మరియుక్సీ షట్టరు తీస్తున్న చప్పుడవుతోంది. భయమేసింది. జబ్బుకి కూడా నేనంత భయపడలేదు. ఎలాగో లేచి, కిటికీ తెరిచాను.

"వదినా," అని పిలిచాను, "నీ మొగుడికి జబ్బు అంటించింది టీచరమ్మ కాదు."