బస్తీల ఒకామె

“ఈ పాఠం జర జల్ది చెయ్యి, ఆదివారం క్లాసున్నది” అని మా ఆయన లింగమూర్తి పుస్తకం తెచ్చి పొయ్యిగట్టు మీద, చింతపండు నానేసిన గిన్నె పక్కన పెట్టి పోయాడు. సకల జనుల సమ్మె అయిపోయి, ఆగిన క్లాసులు మళ్లీ మొదలైన రోజులవి. ఆయన బొగ్గుగనుల కంపెనీ దవాఖానలో క్లర్కు. ప్రమోషన్‌కు పనికొస్తుందని దూరవిద్యలో ఒక డిప్లొమాకు చేరాడు. ఆరోగ్యం, సమాజం, సైన్సు సంగతులు జనానికి ఎట్లా చెప్పాలన్నది ఆ చదువు. చేరింది ఆయన, చదివేది నేను. ప్రతి పాఠానికీ రెండు మూడు పేజీల సారాంశం రాసిస్తే, దాన్ని జిరాక్సు తీయించి తోటివాళ్లకు కూడా పంచుతాడు. గోదావరిఖని సెంటర్లో ‘లింగమూర్తి అన్న నోట్సు’కు మంచి పేరుంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేనే. మా నాయన బాయిలో బొగ్గెత్తి చదివించాడు. పెళ్లయినంక ఉద్యోగం మాట ఎత్తితే, “నీ డిగ్రీ ఊకె పోతలేదు కదా, నాకు పనికొస్తలేదా” అని మా ఆయన నవ్వేవాడు. మా అత్త కనకవ్వకు ఆ నవ్వు కూడా లేదు. “కోడలు కాయితాలు గీకితే కూర ఉడుకుతదా” అనేది. నిజం చెప్పాలంటే ఆ రాత నాకు ఇష్టమే. పప్పు కుక్కరు పెట్టి, విజిల్ వచ్చేలోపు ఒక పేరా చదివి, అది పదిమందికి అర్థమయ్యేలా నాలుగు మాటల్లోకి తేవడంలో నేను మళ్లీ కాలేజీ పిల్లనైపోయేదాన్ని.

ఆ వారం పాఠం, ఆడవాళ్లు బయటికి చెప్పుకోని జబ్బుల గురించి. చివర, మీ ప్రాంతం నుంచి ఒక ఉదాహరణ రాయండి అని ఉంది. అక్కడ ఆగిపోయాను.

మా చిన్న బిడ్డ పుట్టినప్పటి నుంచి నాకు ఉచ్చ ఆగదు. దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా చీర తడుస్తుంది. ఇది రాస్తుంటే ఇప్పుడూ చెవులు వేడెక్కుతున్నాయి. పాత చీర ముక్కలు మడిచి పెట్టుకుంటాను. అవి ఉతికి తీగ మీద లంగా కింద ఆరేస్తాను. ఎండ తగలక అవి సరిగ్గా ఆరవు. “ఇల్లు కడుగుతున్నవా లేదా, పసిపిల్ల పక్క లెక్క వాసనొస్తంది” అని మా అత్త పక్క క్వార్టర్ వాళ్ల ముందే అన్నది. నేను ఫినాయిల్ వేసి ఇల్లంతా మళ్లీ తుడిచాను. మా ఆయనేమో కూలర్ గాలి మంచిగొస్తదని మంచం ముందు గదిలోకి జరుపుకున్నాడు, అంతే. ఒక పెళ్లిలో ఎవరో అన్న మాటకు పగలబడి నవ్వాను. ఆ తర్వాత పంక్తులన్నీ లేచినా నేను కుర్చీలోంచి లేవలేదు. చదువుకున్నదాన్నని పొగరంట.

దవాఖానకు పోవాలంటే ఆయన మెడికల్ బుక్కు మీదనే పోవాలి. అక్కడ అందరికీ నేను వదినెను. ఒకసారి ధైర్యం చేసి, నాకిట్లా ఉందని సగం చెప్పాను. మిగతా సగం ఆయన వినలేదు. “ఆడోళ్లకు గవన్ని ఉంటయి. మా స్టాఫు ముంగట నా ఇజ్జత్ తియ్యకు” అన్నాడు.

నోటితో చెబితే వినని మనిషి, పరీక్ష కోసమైనా చదువుతాడు కదా అనుకున్నాను. అందుకే నన్నే ఉదాహరణగా రాశాను. బొగ్గుగనుల కాలనీలో ఒక స్త్రీ అని మొదలుపెట్టి, చీర ముక్కలూ, వాసనా, పెళ్లిలో కుర్చీ అన్నీ రాశాను. ఆయన ఒక్కడికే తెలిసేలా చివరికి ఒక వాక్యం పెట్టాను: ‘చలికాలం వచ్చినా ఆమె భర్త కూలర్ ఉన్న గదిలోనే పడుకుంటున్నాడు.’

ఆయన చదవలేదు. ఎప్పటిలాగే నేరుగా జిరాక్సుకు ఇచ్చాడు.

ఆదివారం క్లాసులో సారు, ఉదాహరణ బాగుంది, నువ్వే చదివి వినిపించు అన్నాడట. మా ఆయన లేచి చదువుతూ పోయి, కూలర్ మాట దగ్గర ఆగిపోయాడట. ఇంటికొచ్చి తలుపేసి, మా అత్తకు వినబడకుండా ఇదంతా చెప్పాడు.

“నన్ను బజార్ల పెట్టినవు.”

నేను తల వంచుకున్నాను. ఆ క్లాసులో అందరి ముందూ తడి చీరతో నిలబడ్డట్టు అనిపించింది. తప్పయిందని అనబోయాను కూడా.

“ఎవరామె అని అడగలేదా?” అన్నాను.

“అడగరా మరి? మా దవాఖాన సుమైరా సిస్టర్ కూడా గదే క్లాసు. ఆమె ఎవరు అన్నా అని వెంటబడ్డది. మా బస్తీల ఒకామె, ఇండ్లల్ల పని చేస్తది అని చెప్పిన.” ఎట్లాగో తప్పించుకొచ్చానన్న నెమ్మది ఉంది ఆ గొంతులో. “కసరత్తులతోనే శానామందికి తగ్గుతదట. రేపు లేడీ డాక్టరుంటది, అన్నా, మీ బస్తీ ఆమెను తీస్కరా, నేను చూపిస్త అన్నది. ఏదో తలూపిన.”

తలూపి, ఇంటికొచ్చి, ఆ మాట నాకే చెప్తున్నాడు. చొక్కా గుండీలు విప్పుతూ, రేపు టిఫినేంది అని అడిగే గొంతుతో. ఇన్నేండ్లు తడిసినందుకు సిగ్గుపడ్డాను. ఆ నిమిషంలో సిగ్గు పోలేదు గానీ, వేరే చోటికి జరిగింది. ఆయన ఒకామె అన్నాడని నొచ్చుకుంటున్నాను. నేను రాసింది మాత్రం ఏమిటి, ఒక స్త్రీ అనే కదా. నన్ను దాచడానికి ఆయన పక్కన నేనూ ఒక చెయ్యి వేశాను.

“మళ్ల గిసొంటివి రాయకు,” అన్నాడు. “గామె సంగతి అందరు ఆడికే మర్చిపోతరు.”

“సిస్టర్‌కు ఫోన్ చెయ్యి,” అన్నాను.

“ఏమని?”

“ఆమె రేపొస్తదని. పేరు అడిగితే నా పేరే చెప్పు, స్వరూప అని. పెనిమిటి పేరు కూడా అడుగుతరు.”